1.2 మీటర్ల బాల్సా ట్రైనర్ మొదలుపెడుతున్నాను, కలప దగ్గర్నుంచే సలహాలు కావాలి

కొత్తరెక్క:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఫోమ్ ట్రైనర్ (రిమోట్‌తో ఎగరేసే, నేర్చుకునేవాళ్ల చిన్న విమానం) ఎగరేశాను. టేకాఫ్, ల్యాండింగ్ వచ్చేశాయి. విమానం ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తికమక పడటం కూడా పోయింది. ఇప్పుడు బాల్సా అనే తేలిక కలపతో సొంతంగా ఒకటి కట్టాలని ఉంది. దొరికిన ప్లాన్ ఇది: రెక్క పైన ఉండే మామూలు ట్రైనర్, రెక్క పొడవు 120 సెం.మీ., వెడల్పు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే 20 సెం.మీ., రెక్క అడ్డుకోత ఆకారం క్లార్క్ వై, నాలుగు ఛానెళ్లు (రిమోట్‌లో నాలుగు విడి నియంత్రణలు). పూర్తయ్యాక బరువు 900 గ్రాములు ఉండాలని ప్లాన్ మీద రాసుంది.

కిట్ కొనడం లేదు. రిబ్స్‌తో (రెక్కకు ఆకారమిచ్చే పక్కటెముకల్లాంటి ముక్కలు) సహా అన్నీ చేత్తోనే కోసుకుంటాను. షీట్లు తెప్పించుకునే ముందు ఏ భాగానికి ఎలాంటి కలప తీసుకోవాలో చెప్పగలరా? జిగురు, మోటార్ సంగతి కూడా.

ఫోమ్‌వీరుడు:
బ్రో, ఫోమ్ ఎగరేస్తున్నావు కదా, హాయిగా ఉండు! విరిగితే రెండు చుక్కల జిగురు, మళ్లీ గాల్లోకి. బాల్సా అయితే నెలంతా కూర్చుని కట్టాలి, నేలకు తగిలితే పుల్లలు ఏరుకోవాలి.

బాల్సాధూళి:
ఫోమ్‌వీరుడు గారి మాట కాదనను, కానీ కొత్తరెక్క గారు అడిగింది వేరు. ఇదే సైజు ఫోమ్ విమానం గాలి కాస్త లేస్తే రెక్కలు వంచుకుంటూ ఊగుతుంది. సరిగ్గా కట్టిన బాల్సా రెక్క బిగువుగా ఉంటుంది, స్టిక్ ఎంత కదిపితే అంతే పలుకుతుంది. ఆ తేడా ఒకసారి చేతికి తెలిశాక వెనక్కి వెళ్లడం కష్టం. పైగా పుల్లలు ఏరుకున్నా, ఆ పుల్లలనే మళ్లీ అతికించి ఎగరేయొచ్చు. విరిగిన చోట ఏటవాలుగా కోసి కొత్త ముక్క అతికిస్తే అతుకు కలపంత బలంగా ఉంటుంది.

పాతకాపు:
కొత్తరెక్క గారూ, షీట్లు తెప్పించే ముందు ఒక గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ తూకం కొనండి. మిగతా పనిముట్లన్నీ తర్వాత.

కారణం చెబుతాను. బాల్సా అంతా ఒకటి కాదు. ఒకే చెట్టులోనే మెత్తదీ గట్టిదీ ఉంటుంది. ఘనమీటరుకు 100 కిలోల నుంచి 250 కిలోల దాకా దొరుకుతుంది. 1.5 మి.మీ. మందం, 10 సెం.మీ. వెడల్పు, మీటరు పొడవున్న షీటు తీసుకోండి. మెత్తదైతే 15 గ్రాములు తూగుతుంది, మధ్యరకం 24, గట్టిది 36. కంటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. కళ్లు మూసుకుని ఏది పడితే అది వాడితే ప్లాన్‌లో 900 అని ఉన్న విమానం 1100 అవుతుంది, ఎక్కడ పెరిగిందో అర్థం కాదు.

షీట్లు రాగానే ఒక్కోదాన్ని తూచి, మూల మీద పెన్సిల్‌తో బరువు రాసేయండి. బరువైనవి స్పార్లకి (రెక్క పొడవునా పోయే కర్రలు), ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) ముందు భాగానికి. మధ్యరకం రిబ్స్‌కి. అన్నిటికన్నా తేలికైనవి తోకకి. ఆ తేలిక షీట్లను ఇప్పుడే పక్కన పెట్టి దాచుకోండి, ఇంకో చోటికి పోనివ్వకండి.

బాల్సాధూళి:
తూకంతో పాటు గ్రెయిన్ (కలప నార తీరు) కూడా చూడాలి. దుంగను ఏ కోణంలో కోశారన్న దాన్ని బట్టి షీటు తీరే మారిపోతుంది. కొన్ని షీట్లు అడ్డంగా వంచితే గొట్టంలా చుట్టుకుంటాయి. దాన్ని ఏ-గ్రెయిన్ అంటారు. రెక్క ముందంచు మీద వంపు తిప్పి అతికించే షీటింగ్‌కి అదే సరైనది. ఇంకో రకం వెలుతురులో పట్టుకుంటే చిన్న చిన్న మెరిసే మచ్చలు కనిపిస్తాయి, అడ్డంగా వంచబోతే వంగదు, బలవంతం చేస్తే టప్‌మని చీలుతుంది. అది సీ-గ్రెయిన్. రిబ్స్‌కి, తోకకి ఇది బంగారం. ఈ రెండిటికీ మధ్యలో ఉండేది బీ-గ్రెయిన్, ఎక్కడైనా సర్దుకుపోతుంది.

రిబ్స్ కోసేటప్పుడు నార ముందు నుంచి వెనక్కి పోవాలి. మీ రెక్క వెడల్పు అంతటా ఒకటే కాబట్టి పని సులువు. సన్నటి ప్లైవుడ్‌తో రెండు రిబ్ అచ్చులు చేసుకోండి, మధ్యలో బాల్సా ముక్కలు పేర్చి రెండు బోల్టులతో బిగించి, అన్నిటినీ ఒకేసారి శాండ్‌పేపర్ దిమ్మతో అరగదీయండి. స్పార్ గాట్లు కూడా అప్పుడే రంపంతో కోసేయండి. మధ్యలో షీటింగ్ వచ్చే చోటి రిబ్స్ మాత్రం పైనా కిందా షీటు మందం మేర తగ్గాలి, అవి విడిగా చేసుకోండి.

ఇంకోటి, ప్లాన్ ప్రింట్ తీశాక స్కేలు పెట్టి కొలవండి. చాలా ప్రింటర్లు కాగితంలో ఇమడ్చడానికి బొమ్మను కొద్దిగా కుదిస్తాయి. రెక్కకూ ఫ్యూజిలాజ్‌కూ వేర్వేరు రోజుల్లో ప్రింట్ తీస్తే రెండూ కలవవు.

వోల్టుమీటర్:
మోటార్ లెక్క నాకు వదిలేయండి. ట్రైనర్‌కి కిలోకి 200 వాట్లు చాలు. 900 గ్రాములంటే 180 వాట్లు. 3ఎస్ లిపో (మూడు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ) మీద 11.1 వోల్టులు అనుకుంటే 16 ఆంపియర్ల చిల్లర. 2212 సైజు, 1000 కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి 1000 చుట్లు) దగ్గర ఉండే అవుట్‌రన్నర్ (బయటి డబ్బా తిరిగే) మోటార్, 10×4.5 అంగుళాల ప్రొపెల్లర్, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే పరికరం) పెట్టండి. మోటార్ 50 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఈఎస్‌సీ మరీ పెద్దది అనిపించొచ్చు, పర్వాలేదు, చల్లగా ఉంటుంది.

బ్యాటరీ 2200 ఎంఏహెచ్. సగటున 8 ఆంపియర్లు లాగుతుంది అనుకుందాం. 80 శాతమే వాడితే 13 నిమిషాలు వస్తాయి. టైమర్ 9 నిమిషాలకు పెట్టుకోండి. ప్రొపెల్లర్ బిగించాక వాట్‌మీటర్‌తో నిజంగా ఎంత లాగుతుందో కొలవండి. పెట్టె మీద రాసిన అంకెల్ని నేను నమ్మను.

సెట్టింగులు మార్చుకునేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి పెట్టండి. ఇది సలహా కాదు, నియమం అనుకోండి.

గ్లైడర్‌పిచ్చి:
జిగురు మీద ఎవరూ మాట్లాడలేదు. నా ఓటు పీవీఏకి, అంటే చెక్కపనిలో వాడే తెల్ల జిగురుకి. చూడటానికి తెలుపే గానీ ఆరాక పారదర్శకం అవుతుంది, శాండ్‌పేపర్‌కి లొంగుతుంది, ఆరే లోపు ముక్కను జరిపి సరిచేసుకోవచ్చు.

బాల్సాధూళి:
పీవీఏతో ఒక్కో అతుకుకి గంట ఆగాలి. నేను సీఏతో (క్షణాల్లో అంటుకునే సూపర్ గ్లూ) ఒక సాయంత్రంలో రెక్క ఎముకలన్నీ నిలబెట్టేస్తాను. పల్చటి సీఏ అతుకుల్లోకి దానంతటదే పాకిపోతుంది.

గ్లైడర్‌పిచ్చి:
ఒక సాయంత్రంలో వంకర రెక్క కూడా నిలబెట్టేయొచ్చు. :) సీఏ గట్టిపడ్డాక బాల్సా కన్నా బాగా గట్టిగా ఉంటుంది. అరగదీస్తే చుట్టూ ఉన్న కలప పోయి జిగురు గీత గట్టులా మిగులుతుంది. ఫిల్మ్ (వేడికి బిగుసుకునే పల్చటి ప్లాస్టిక్ పొర) వేశాక ఆ గట్లన్నీ పైకి కనిపిస్తాయి. ముందంచు, షీటింగ్ అతుకులు, అంటే తర్వాత అరగదీసే చోట్లన్నిటా పీవీఏనే వాడాలి.

పాతకాపు:
ఇద్దరూ కరెక్టే, కొట్టుకోకండి. లోపల దాగిపోయే అతుకులకు సీఏ. బయట అరగదీసేచోట పీవీఏ. మోటార్ బిగించే ఫైర్‌వాల్‌కి, రెండు రెక్కలు మధ్యలో కలిపే చోటికి 30 నిమిషాల ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు). 5 నిమిషాల ఎపాక్సీ అక్కడ వద్దు, కలపలోకి ఇంకేలోపే గడ్డకడుతుంది. సీఏ వాడేటప్పుడు కిటికీ తెరిచి పెట్టుకోండి, దాని ఆవిరి కళ్లలో మంట పెడుతుంది. ఒలికితే నూలుగుడ్డతో తుడవకండి, నూలు మీద పడితే పొగలొచ్చేంత వేడెక్కుతుంది.

కొత్తరెక్క:
తూకం వచ్చింది, షీట్లూ వచ్చాయి. పాతకాపు గారు చెప్పింది నిజమే. ఒకే కట్టలో 17 గ్రాముల షీటు ఒకటి, 33 గ్రాములది ఒకటి ఉన్నాయి!

రెక్క మొదలుపెట్టాను. ప్లాన్‌లో స్పార్లు పైన ఒకటి, కింద ఒకటి, రెండూ 6 మి.మీ. చదరపు గట్టి బాల్సా. వాటి మధ్య వెబ్స్ అని చూపించారు, 1.5 మి.మీ. షీటు ముక్కలు, నార నిలువుగా. నార అడ్డంగా పెడితే పొడవాటి ఒకే పట్టీ కోసుకుని ఒక్కసారే అతికించేయొచ్చు కదా, ముక్కలు ముక్కలుగా ఎందుకు?

పాతకాపు:
అదొక్కటీ ప్లాన్‌లో ఉన్నట్టే చేయండి.

విమానం డైవ్ లోంచి పైకి లేచేటప్పుడు రెక్క మీద బరువు మూడు నాలుగు రెట్లవుతుంది. 900 గ్రాములది మూడున్నర కిలోలన్నమాట. రెక్క పైకి వంగుతుంది. పై స్పార్ నలిగిపోవాలని చూస్తుంది, కింది స్పార్ సాగాలని చూస్తుంది. ఆ వంపులో రెండు స్పార్లూ ఒకదాని వైపు ఒకటి దగ్గరకొస్తాయి. వాటిని ఎడంగా పట్టి ఉంచేది వెబ్. బాల్సా నార వెంట నొక్కితే బలంగా నిలబడుతుంది, నారకు అడ్డంగా నొక్కితే మెత్తగా నలిగిపోతుంది. అందుకే నిలువు నార. వెబ్ లేకపోతే పై స్పార్ పక్కకు బుంగ తీసి విరుగుతుంది. గాల్లో చప్పట్లు కొట్టినట్టు రెక్కలు ముడుచుకున్న విమానాల్లో చాలావాటికి అసలు కారణం అదే.

రెక్క మధ్య నుంచి సగం దూరం దాకా వెబ్స్ తప్పనిసరి. చివరల్లో బరువు తక్కువ, అక్కడ లేకపోయినా నడుస్తుంది. అంచులకు జిగురు బాగా పట్టాలి, వదులుగా ఇరికించిన వెబ్ ఉన్నా లేనట్టే.

బాల్సాధూళి:
వెబ్స్ దగ్గర ఆగారు కాబట్టి ఇప్పుడే చెప్పాలి. వెబ్స్, ముందంచు షీటింగ్ అతికించేదాకా రెక్కను బోర్డు మీద నుంచి లేపకండి. గుండుసూదులు, బరువులు అలాగే ఉండనివ్వండి.

షీటింగ్ వేయని రెక్క అటూ ఇటూ మెలిపడుతుంది. పైన, కింద షీటింగ్ వేసి స్పార్ దాకా మూసేశాక అది ఒక గొట్టం అవుతుంది. అట్టపెట్టె మూత తెరిచి ఉంటే వంకర తిరుగుతుంది, మూత అంటించేస్తే కదలదు, ఇదీ అంతే. మూసే సమయంలో రెక్క ఎలా ఉంటే జీవితాంతం అలాగే ఉంటుంది. తిన్నగా మూస్తే తిన్నగా, మెలిపడి ఉండగా మూస్తే మెలిపడి. తర్వాత ఇస్త్రీ పెట్టెతో ఎంత లాగినా రాదు.

క్లార్క్ వైకి అడుగు చదునుగా ఉంటుందని అందరూ ఇష్టపడతారు గానీ, అది ముందు 30 శాతం తర్వాతే చదును. ముందు భాగం పైకి లేచి ఉంటుంది. కాబట్టి ముందంచు కింద కొలత ప్రకారం చిన్న చెక్కముక్కలు పెట్టి ఎత్తు నిలపండి. బోర్డు కూడా రసమట్టంతో చూసుకోండి. మీ బోర్డు వంకరైతే మీ రెక్క వంకరే.

గ్లైడర్‌పిచ్చి:
చివర్లలో వాషవుట్ (రెక్క చివర వెనకంచును కొద్దిగా పైకి మెలిపెట్టడం) పెడుతున్నారా? వెనకంచు కింద 7 మి.మీ. పెడితే 20 సెం.మీ. వెడల్పుకి 2 డిగ్రీలు వస్తుంది. స్టాల్ అయినప్పుడు (వేగం తగ్గి రెక్క ఎత్తే బలం పోయినప్పుడు) చివర ముందుగా పడిపోకుండా ఉంటుంది.

పాతకాపు:
చివర సన్నబడే రెక్కకైతే తప్పకుండా పెట్టమంటాను. ఇది దీర్ఘచతురస్రం. అలాంటి రెక్కలో స్టాల్ ఎలాగూ మధ్యలోనే మొదలవుతుంది, ఐలరాన్లు (రెక్క వెనకంచున పైకీ కిందికీ కదిలే పలకలు) ఆఖరిదాకా పనిచేస్తాయి. మొదటి విమానం, తిన్నగా కట్టుకోనివ్వండి. ఒకవైపు 2 డిగ్రీలు, ఇంకోవైపు 1 డిగ్రీ వస్తే అసలు లేకపోవడమే మేలు.

ఫోమ్‌వీరుడు:
నేను పాప్‌కార్న్ తెచ్చుకున్నాను, కొనసాగించండి.

కొత్తరెక్క:
రెక్క అయింది, తిన్నగా ఉంది. ఫ్యూజిలాజ్ కూడా నిలబడింది, మూలమట్టం పెట్టి ఫార్మర్లు (ఫ్యూజిలాజ్‌లో అడ్డంగా నిలబెట్టే చట్రాలు) చూసుకున్నాను. ఇప్పుడు తోక దగ్గర సందేహం. ప్లాన్‌లో స్టెబిలైజర్ (తోకలో అడ్డంగా ఉండే పలక), ఫిన్ (నిలువుగా ఉండేది) రెండూ 5 మి.మీ. షీటుతోనే ఉన్నాయి. స్టెబిలైజర్ వైశాల్యం 5.2 చదరపు డెసిమీటర్లు, ఫిన్ 2.2. నా దగ్గరున్న 5 మి.మీ. షీట్లన్నీ మధ్యరకమే. అవే వాడేయనా? మహా అయితే 20, 30 గ్రాములు తేడా వస్తుంది కదా.

పాతకాపు:
ఆ 20, 30 గ్రాముల గురించే నేను మొదటి రోజు నుంచి గొడవ పెడుతున్నాను!

లెక్క వేద్దాం. రెండూ కలిపి 7.4 చదరపు డెసిమీటర్లు, మందం 5 మి.మీ. అంటే 370 ఘన సెం.మీ. కలప. మధ్యరకంతో 59 గ్రాములు. మెత్తదానితో 37. అదే 5 మి.మీ. పుల్లలతో చట్రంలా కట్టి ఫిల్మ్ వేస్తే దాదాపు 30.

సీజీ (విమానం వేలి మీద సమంగా నిలబడే చోటు) నుంచి మీ తోక ఎంత దూరం? ఇలాంటి ట్రైనర్‌లో 60 సెం.మీ. ఉంటుంది. సీజీ నుంచి మోటార్ 22 సెం.మీ. తోకలో పెరిగే ఒక్కో గ్రాముకి ముక్కులో 2.7 గ్రాములు సీసం పెట్టాలి. తోకలో 29 గ్రాములు ఎక్కువైతే ముక్కులో 79 గ్రాములు. మొత్తం 108 గ్రాముల చచ్చుబరువు. 900 గ్రాముల విమానంలో ఎనిమిదో వంతుకి దగ్గర. రెక్క వైశాల్యం 24 చదరపు డెసిమీటర్లు, అంటే చదరపు డెసిమీటరుకి 37.5 గ్రాములు ఉండాల్సింది 42 అవుతుంది. ల్యాండింగ్‌లో వేగం ఎందుకు తగ్గడం లేదా అని తర్వాత తల పట్టుకుంటారు.

గ్లైడర్‌పిచ్చి:
చట్రంలా కట్టండి. ఒక పూట పని. 5 మి.మీ. షీటు నుంచే పుల్లలు కోసుకుని ప్లాన్ మీద పేర్చండి, మూలల్లో చిన్న త్రికోణాలు పెట్టండి. మధ్యలో ఏటవాలు పుల్లలు తప్పకుండా ఉండాలి, లేకపోతే ఫిల్మ్ బిగుసుకున్నప్పుడు తోక మెలిపడుతుంది. తోక మీద ఫిల్మ్‌ని ఎక్కువ వేడితో లాగొద్దు, ముడతలు పోయేంత చాలు.

వోల్టుమీటర్:
సర్వోలను (రిమోట్ చెప్పినట్టు పలకల్ని కదిపే చిన్న మోటార్లు) కూడా తోకలో పెట్టొద్దు. రెండు 9 గ్రాముల సర్వోలూ రెక్క కింద, బ్యాటరీ వెనకే ఉండాలి. అక్కడి నుంచి పుష్‌రాడ్‌లు (సన్నటి కడ్డీలు) వెనక్కి పంపండి. ఐలరాన్లకు మాత్రం రెక్కలో చెరొకటి. అప్పుడు ట్రాన్స్‌మిటర్‌లోనే పైకి వెళ్లే ఐలరాన్ ఎక్కువ, కిందికి వచ్చేది తక్కువ కదిలేలా పెట్టుకోవచ్చు. రెక్క పైన ఉండే ట్రైనర్‌లో మలుపు తిప్పినప్పుడు ముక్కు ఎదురువైపుకి లాగడం దీనితో బాగా తగ్గుతుంది.

హార్న్ (పుష్‌రాడ్ తగిలించే చిన్న చేయి) బిగించేటప్పుడు దాని రంధ్రం సరిగ్గా హింజ్ గీత (పలక మడత పడే గీత) మీదకి రావాలి. వెనక్కి జరిగితే ఎలివేటర్ (స్టెబిలైజర్ వెనక కదిలే పలక) పైకీ కిందికీ సమానంగా కదలదు.

కొత్తరెక్క:
చట్రం తోక కట్టేశాను. స్టెబిలైజర్, ఫిన్ కలిపి ఫిల్మ్ లేకుండా 24 గ్రాములు. బ్యాటరీని ముందుకు జరిపితే సీసం అక్కర్లేకుండానే ముందంచు నుంచి 5.6 సెం.మీ. దగ్గర నిలబడుతోంది. మొత్తం బరువు ఫిల్మ్ లేకుండా 810.

బాల్సాధూళి:
అద్భుతం. 5.6 అంటే రెక్క వెడల్పులో 28 శాతం, మొదటి ఎగురుడికి అంతకన్నా వెనక్కి వెళ్లొద్దు. ఫిల్మ్ చదరపు మీటరుకి 60 గ్రాముల దాకా ఉంటుంది. రెక్క పైనా కిందా, తోక, ఫ్యూజిలాజ్ అన్నీ కలిపితే 50, 60 గ్రాములు పెరుగుతుంది. అందులో తోక వాటా వెనక పడుతుంది కాబట్టి ఫిల్మ్ వేశాక సీజీ మళ్లీ చూడండి. పక్కలకు కూడా చూడండి, ముక్కునీ తోకనీ పట్టి ఎత్తితే ఏదో ఒక రెక్క కిందికి వాలితే ఎదుటి రెక్క చివర్లో చిన్న మేకు దూర్చండి.

ఫిల్మ్ వేసే ముందు దుమ్ము మొత్తం తుడవండి, దుమ్ము మీద ఫిల్మ్ అంటుకోదు. కింద భాగం ముందు, పైభాగం తర్వాత. ఇస్త్రీ పెట్టె మొదట తక్కువ వేడిలో, అంచులు అంటించడానికి మాత్రమే. అన్ని అంచులూ పట్టాక వేడి పెంచి మధ్యలో బిగించండి. పైనా కిందా ఒకే రంగు వేయకండి. రెక్క దూరం పోయాక తిరగబడిందో తిన్నగా ఉందో తెలియాలంటే కింద ముదురు రంగు, పైన లేత రంగు ఉండాలి.

పాతకాపు:
ఫైర్‌వాల్ కోణం చూసుకున్నారా? మోటార్ 2 డిగ్రీలు కిందికి, 2 డిగ్రీలు కుడికి చూడాలి. వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ కుడివైపు తిరుగుతుంది, దాని ప్రతిచర్య విమానాన్ని ఎడమకు తోస్తుంది. ఇక చదునైన అడుగున్న రెక్కకి థ్రాటిల్ ఇస్తే ముక్కు లేపుకుంటూ పోతుంది, దానికి కింది కోణం. ఇప్పుడు వాషర్లు పెట్టి సర్దడం సులువు, కౌలింగ్ (మోటార్ మీది కప్పు) వేశాక కష్టం.

గాల్లోకి వెళ్లే ముందు రేంజ్ చెక్ (రిమోట్ సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూడటం), ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ తెగినప్పటి సెట్టింగు) థ్రాటిల్ సున్నా. ఐలరాన్లు ఎటు కదులుతున్నాయో వెనక నిలబడి చూడండి. స్టిక్ కుడికి తోస్తే కుడి ఐలరాన్ పైకి లేవాలి. ఇదొక్కటి తిరగబడి నేలకూలిన కొత్త విమానాలు లెక్కలేనన్ని.

రెక్కవిచ్చు:
మొదటిసారి రాస్తున్నాను, చర్చ మొత్తం చదివాను. ఇదే ప్లాన్‌ని ఒకటిన్నర రెట్లు పెంచి ప్రింట్ తీసి 1.8 మీటర్లది కట్టొచ్చా? కలప మందం కూడా ఒకటిన్నర రెట్లు చేస్తే సరిపోతుందా?

పాతకాపు:
కట్టొచ్చు గానీ మందం అలా పెంచకండి. పొడవు ఒకటిన్నర రెట్లయితే రెక్క వైశాల్యం రెండుంపావు రెట్లవుతుంది. అన్ని కొలతలూ అదే నిష్పత్తిలో పెంచితే కలప మూడింతలు దాటుతుంది. రిబ్స్‌కి 1.5 మి.మీ. బదులు 2 చాలు. షీటింగ్ 1.5 దగ్గరే ఉంచొచ్చు. స్పార్ మాత్రం లెక్క వేసి స్ప్రూస్‌కి (బాల్సా కన్నా గట్టి కలప) మారండి. తోక ఎలాగూ చట్రమే. మోటార్, బ్యాటరీ అన్నీ మారతాయి కాబట్టి వేరే చర్చ మొదలుపెట్టండి, ప్లాన్ బొమ్మ, మీరు అనుకుంటున్న మొత్తం బరువు అందులో పెట్టండి. వోల్టుమీటర్ గారు కూడా అక్కడికే వస్తారు.

వోల్టుమీటర్:
వస్తాను. బ్యాటరీ ముందే కొనేయకండి.